పట్టపగలు వెలిగే దీపం



మలక్‌పేట గంజు దగ్గర బయల్దేరి మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి మీదుగా ఎల్బీ నగర్ దాకా ఒకరోజు మధ్యాహ్నం పూట వెళ్లి చూడండి. మెయిన్ రోడ్డును కాసేపు వదిలేయండి. లోపలి కాలనీల్లోకి, అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గరికి, గుడి ఆవరణల్లోకి, ఫంక్షన్ హాళ్ల పార్కింగుల్లోకి తొంగిచూడండి. నడినెత్తిన ఎండ మండిపోతుంటుంది. ఆ ఎండలోనే ఏదో ఒక స్తంభం మీద తెల్లటి ఎల్‌ఈడీ దీపం తన మానాన తాను వెలుగుతూ ఉంటుంది. ఇదేమిటయ్యా అని వాచ్‌మన్‌ను అడిగితే, "అది ఆటోమేటిక్ సార్, దానంతట అదే బందైతది" అంటాడు. అది బందు కాదు. దానంతట అది ఆరిపోయే గుణం ఎప్పుడో పోయింది, ఎవరూ చూసుకోలేదు, అంతే.

దీపం వెలగకపోతే గంటలో పది ఫోన్లు వస్తాయి. పగలు వెలుగుతుంటే ఎవరూ పట్టించుకోరు. ఎండలో ఆ వెలుగు కంటికి ఆనదు కదా. కరెంటు మీటరు మాత్రం పట్టించుకుంటుంది. 50 వాట్ల దీపం పగటిపూట 12 గంటలు అదనంగా వెలిగితే రోజుకు 0.6 యూనిట్లు, నెలకు 18 యూనిట్లు. ఆవరణలో అలాంటివి పది ఉంటే నెలకు 180 యూనిట్లు. ఇది కామన్ మీటరు మీద పడుతుంది కనుక ఏ ఒక్కరి జేబుకూ గట్టిగా తగలదు. అసోసియేషన్ మీటింగులో "ఈసారి మెయింటెనెన్స్ ఎందుకు పెరిగింది" అనే వాదన మాత్రం గంటసేపు నడుస్తుంది.

ఈ పూట నేను మాట్లాడబోయేది ఆ దీపాన్ని పొద్దుగుంకగానే వెలిగించి, తెల్లవారగానే ఆర్పే చిన్న పరికరం గురించి. లైట్ సెన్సర్ అనండి, ఫోటోసెల్ అనండి. మన ఎలక్ట్రీషియన్లు డే-నైట్ సెన్సర్ అంటారు. అది చెడిపోతే ఎలా పోల్చుకోవాలి, ఎలా మార్చాలి అన్నది విషయం. అసలు సంగతి ముందే చెప్పేస్తాను. చెడిపోయిన సెన్సర్ తీసేసి, అచ్చం అలాంటిదే తెచ్చి, అదే చోట బిగించి చేతులు దులుపుకుంటే, ఒకటి రెండు వానాకాలాలు తిరక్కుండానే మళ్లీ అదే స్తంభానికి నిచ్చెన వేయాల్సి వస్తుంది. సెన్సర్ తనంతట తాను చెడిపోయేది తక్కువ. దాన్ని పెట్టిన చోటు, దాని మీద మోపిన బరువు దాన్ని చంపుతాయి. ఆ రెండూ మార్చకుండా సెన్సర్ ఒక్కదాన్నే మార్చడం సగం పనే.

ముందు దీని పుట్టుక. 1873లో విల్లోబీ స్మిత్ అనే ఇంగ్లండు ఇంజినీరు సముద్రం అడుగున వేసే టెలిగ్రాఫ్ కేబుళ్లను పరీక్షించే పనిలో ఉన్నాడు. ఆ పరీక్షకు విద్యుత్తును బాగా నిరోధించే పదార్థం కావాలి. సెలీనియం కడ్డీలు తెచ్చి పెట్టుకున్నాడు. కొలతలు మాత్రం ఒకసారి వచ్చినట్టు ఇంకోసారి రావడం లేదు. ఆయన దగ్గర పనిచేసే జోసెఫ్ మే, ఆయనా కలిసి కారణం వెతికితే తేలిందేమిటంటే, కడ్డీలున్న పెట్టె మూత తెరిస్తే ఒక లెక్క, మూస్తే ఒక లెక్క. వెలుతురు పడితే సెలీనియం కరెంటును సులువుగా పోనిస్తుంది, చీకట్లో అడ్డుకుంటుంది. కేబుల్ పరీక్షకు అది పనికిమాలిన గుణం. మన వీధి స్తంభానికి అదే ప్రాణం.

ఇప్పటి మామూలు సెన్సర్లలో సెలీనియం ఉండదు. చాలాకాలంగా కాడ్మియం సల్ఫైడ్ వాడుతున్నారు. చొక్కా గుండీ కంటే చిన్న బిళ్ల, దాని మీద మెలికలు తిరిగిన గీత. ఎలక్ట్రానిక్స్ ప్రాజెక్టులు చేసే పిల్లలు కోఠీ గుజరాతీ గల్లీలో ఎల్‌డీఆర్ అని అడిగి కొనుక్కునేది దీన్నే. చిమ్మచీకట్లో దీని నిరోధం లక్షల ఓముల్లో ఉంటుంది, ఎండలో పెడితే వందల్లోకి దిగిపోతుంది. దాని వెనక ఒక చిన్న సర్క్యూటు, ఆ సర్క్యూటు మాట విని తీగను కలిపే, విడదీసే ఒక రిలే. అంతకుమించి ఆ డబ్బాలో ఏమీ లేదు. కాడ్మియం విషం కనుక యూరప్ దేశాలు దాని వాడకాన్ని బాగా కట్టడి చేశాయి. అందువల్ల సిలికాన్‌తో చేసిన కళ్లు కూడా ఇప్పుడు వస్తున్నాయి. మన బజారులో రెండూ దొరుకుతాయి.

ఎంత చీకటి పడితే ఇది మేలుకుంటుంది? వెలుతురును లక్సుల్లో కొలుస్తారు. మంచి ఎండలో నేల మీద సుమారు లక్ష లక్సులు. సూర్యుడు అస్తమించే వేళకు కొన్ని వందలు. సెన్సర్ దీపాన్ని వెలిగించేది మామూలుగా పది లక్సుల చుట్టుపక్కల. మన హైదరాబాదు భూమధ్యరేఖకు మరీ దూరం కాదు కాబట్టి సంధ్యవేళ తొందరగా జారిపోతుంది. పొద్దుగుంకిన పావుగంట, ఇరవై నిమిషాల్లో ఆ స్థాయికి వచ్చేస్తాం. నిండు పున్నమి వెన్నెల పావు లక్సు ప్రాంతమే. అందుకని ఎంత వెన్నెల కాసినా సెన్సర్ దాన్ని పగలు అనుకోదు. ఆర్పేటప్పుడు మాత్రం పది లక్సుల దగ్గరే ఆర్పదు, ఇంకా బాగా వెలుతురు వచ్చేదాకా ఆగుతుంది. రెండింటికీ ఒకే గీత పెడితే సందె వెలుగులో దీపం ఆరుతూ వెలుగుతూ కూర్చుంటుంది. అలాగే మెరుపు మెరిసినా, మలుపు తిరిగే లారీ హెడ్‌లైటు పడినా కంగారుపడకుండా కొద్ది సెకన్ల నుంచి ఒకటి రెండు నిమిషాల దాకా ఆగి చూసే ఏర్పాటు కూడా ఉంటుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, పరీక్ష చేసేటప్పుడు అవసరం.

"ఇంత గొడవెందుకు, టైమర్ పెడితే సరిపోదా" అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. జూలై మొదట్లో హైదరాబాదులో పొద్దుగుంకేది 6 గంటల 55 నిమిషాల ప్రాంతంలో. నవంబరు చివరికి వచ్చేసరికి 5.40కే పొద్దు గుంకుతుంది. గంటకు పైగా తేడా. మామూలు టైమర్‌ను ఏటా నాలుగైదు సార్లు ఎవరో ఒకరు సరిచేయాలి, ఎవరూ చేయరు. సూర్యోదయ సూర్యాస్తమయాల లెక్క తానే కట్టుకునే టైమర్లు ఉన్నాయి, అవి మేలు. కార్పొరేషన్ వేసిన రోడ్డు దీపాల వ్యవహారం చాలావరకు ఇలాంటి కేంద్ర నియంత్రణ మీదే నడుస్తుంది.

ఇక్కడ కొంచెం పక్కకు వెళ్లాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు వీధిదీపాలు స్తంభాలతో సహా నేలకూలాయి. వాటి స్థానంలో, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్‌ఎల్ చేతుల మీదుగా, నగరమంతా దాదాపు 90 వేల ఎల్‌ఈడీ దీపాలు వచ్చాయి. 2015 జనవరి 5న దేశమంతటికీ వీధిదీపాల పథకం మొదలైంది. హైదరాబాదులో జీహెచ్‌ఎంసీ, ఈఈఎస్‌ఎల్ 2017లో ఆ పని చేపట్టి నాలుగు లక్షలకు పైగా పాత దీపాలను మార్చాయి. పసుపుపచ్చ సోడియం వెలుగు పోయి తెల్ల వెలుగు వచ్చింది అప్పుడే. ఈ ఏర్పాటులో ఒక్కొక్క స్తంభానికి ఒక్కొక్క సెన్సర్ ఉండదు. వరుసగా ఉన్న కొన్ని పదుల దీపాలకు కలిపి ఒక కంట్రోల్ పెట్టె ఉంటుంది. అందులో మీటరు, కాంటాక్టర్, సిమ్ కార్డు. దూరాన కూర్చుని ఏ వరుస వెలిగింది, ఏది ఆరింది చూడొచ్చు. కాబట్టి ఒక వీధంతా పగలు వెలుగుతుంటే తప్పు ఆ పెట్టెలో వెతకాలి. ఒక్క దీపమే వెలుగుతుంటే దాని తీగ ఎక్కడో నేరుగా ఫేజ్‌కు కలిపి ఉంటుంది. పండక్కో, పెళ్లికో, రిపేరులోనో అలా కలిపి మరిచిపోతుంటారు.

మళ్లీ టైమర్ సంగతికి వద్దాం. లెక్కలు కట్టే టైమర్‌కు ఒక లోపం ఉంది. దానికి పంచాంగం తెలుసు గానీ ఆకాశం తెలియదు. జూలైలో సాయంత్రం నాలుగున్నరకు కారుమబ్బు కమ్మి, మలక్‌పేట రైలు వంతెన కింద నీళ్లు నిలిచి, బైకుల వాళ్లు లైట్లు వేసుకుని తడుముకుంటున్నా, టైమర్ లెక్కలో అది ఇంకా పగలే. సెన్సర్ అయితే ఆ మబ్బును చూస్తుంది. గ్రహణాన్నీ చూస్తుంది. ఎల్బీ నగర్ నుంచి సాగర్ రోడ్డు పట్టుకుని పోతే ఇబ్రహీంపట్నం అవతల ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ వేధశాల ఉంది. 48 అంగుళాల టెలిస్కోపుతో 1968లో మొదలైంది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని శాస్త్రవేత్తలు అక్కడి నుంచి గమనించారు. మధ్యాహ్నం మూడున్నర దాటాక పట్టపగలే చీకటి కమ్మింది. ఆ రోజు అక్కడ సెన్సర్ ఉన్న దీపం ఉంటే వెలిగేది, టైమర్ ఉన్నది వెలిగేది కాదు. గ్రహణం కోసం ఎవరూ సెన్సర్ కొనరనుకోండి. మబ్బు కోసం కొనాలి. అందుకే కాలనీ ఆవరణలకు, ఇంటి గేటు దీపాలకు నా ఓటు సెన్సర్‌కే.

ఇక రోగ లక్షణాలు. సెన్సర్ చెడిపోయిందని తేల్చేముందు మూడు నాలుగు సంగతులు చూడాలి, ఎందుకంటే సగం సందర్భాల్లో అది బాగానే ఉంటుంది.

దీపం పగలు కూడా వెలుగుతోంది. మొదట నిచ్చెన వేసి సెన్సర్ పైకప్పును తడిగుడ్డతో తుడవండి. మన రోడ్ల దుమ్ము, పక్షుల రెట్టలు, దసరాకు గోడలకు కొట్టిన పెయింటు తుంపరలు పేరుకుంటే కంటికి పొర కమ్మినట్టే, దానికి ఎప్పుడూ చీకటే. ఎండకు ఆ ప్లాస్టిక్ కప్పు పచ్చబడి మసకబారడం కూడా మామూలే. చుట్టూ కానుగ, వేప కొమ్మలు కమ్ముకున్నాయేమో చూడండి. మెట్రో వంతెన కింద, నీడలోనే పెట్టిన సెన్సర్‌కు కూడా ఇదే తిప్పలు. తుడిచి, కొమ్మ నరికి, రెండు మూడు నిమిషాలు ఆగినా ఆరకపోతే రిలే అతుక్కుపోయిందన్నమాట. అది మార్చాల్సిందే.

దీపం రాత్రి వెలగడం లేదు. పగటిపూట సెన్సర్‌ను మందపాటి నల్ల గుడ్డతో పూర్తిగా కప్పి ఒకటి రెండు నిమిషాలు ఆగండి. వేలు అడ్డం పెట్టి ఐదు సెకన్లలో తీర్పు చెప్పేస్తుంటారు కొందరు, ఇందాక చెప్పిన ఆగి చూసే గుణాన్ని మరిచిపోయి. కప్పితే వెలిగిందంటే సెన్సర్ మంచిదే, రాత్రిపూట దాని మీద ఇంకేదో వెలుగు పడుతోంది. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల, బట్టల షాపుల బోర్డుల వెలుగు ఎంత దూరం పోతుందో మీకు తెలుసు. ఆ బోర్డుకు ఎదురుగా పెట్టిన సెన్సర్‌కు రాత్రి పదిన్నరకు షాపు మూసేదాకా పొద్దు గుంకదు. కప్పినా వెలగకపోతే దీపం పోయిందో సెన్సర్ పోయిందో తేల్చాలి. కరెంటు ఆపి, సెన్సర్‌ను తప్పించి దీపానికి నేరుగా సప్లై ఇచ్చి చూస్తారు. వెలిగితే తప్పు సెన్సర్‌ది. వెలగకపోతే దీపంలోని డ్రైవర్‌ది, లేదా తీగది. ఈ ఒక్క పరీక్ష చేయకుండా సెన్సర్ కొనకండి.

మూడోది చూడటానికి తమాషాగా ఉంటుంది. సాయంత్రం దీపం వెలుగుతుంది, నిమిషానికి ఆరుతుంది, మళ్లీ వెలుగుతుంది. తెల్లవార్లూ ఇదే ఆట. సెన్సర్‌ను దీపం కిందో ఎదురుగానో బిగించినప్పుడు జరిగే పని ఇది. తన దీపం వెలుగే తన మీద పడి, తెల్లవారిందనుకుని ఆర్పేస్తుంది. ఆర్పగానే చీకటి, మళ్లీ వెలిగిస్తుంది. కొత్త సెన్సర్ తెచ్చి అక్కడే పెడితే అదీ ఇదే ఆట ఆడుతుంది. చోటు మార్చడమే మందు.

చోటు గురించి నాలుగు మాటలు. సెన్సర్ ఆకాశాన్ని చూడాలి, దీపాన్ని చూడకూడదు. దీపానికి పైన గానీ, వెనక పక్కన గానీ ఉండాలి. కన్ను ఒక వైపుకే ఉండే రకం అయితే ఉత్తరానికి తిప్పండి. తూర్పుకు తిప్పితే పొద్దున్నే ఆర్పేసి, సాయంత్రం తొందరపడి వెలిగిస్తుంది. పడమరకు తిప్పితే ఎర్రటి సాయంత్రపు ఎండ నేరుగా పడి ఆలస్యం చేస్తుంది, పైగా వేసవి మధ్యాహ్నాల ఎండకు ప్లాస్టిక్ త్వరగా పాడవుతుంది. ఉత్తరం నుంచి వచ్చేది నిలకడైన వెలుగు. మే రెండోవారం నుంచి జూలై చివరిదాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు నడినెత్తి దాటి కాస్త ఉత్తరంగానే ఉంటాడు, అయినా అది తల మీది ఎండే గానీ కంట్లో పొడిచే ఎండ కాదు.

ఇప్పుడు బరువు, అంటే లోడు సంగతి. ఇది చాలామంది ఎలక్ట్రీషియన్లు కూడా లెక్కచేయని విషయం కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. సెన్సర్ డబ్బా మీద 6 ఆంపియర్లనో 10 ఆంపియర్లనో రాసి ఉంటుంది. ఆవరణలో 50 వాట్ల దీపాలు పది. మొత్తం 500 వాట్లు, అంటే రెండు ఆంపియర్ల పైచిలుకు. "ఆరులో రెండే కదా అన్నా, ఏం కాదు" అని పదింటినీ ఒకే సెన్సర్‌కు తగిలిస్తారు. ఆరు నెలలకు రిలే అతుక్కుపోతుంది. ఏమైంది? ఆ డబ్బా మీది అంకె పాతకాలపు ఫిలమెంట్ బల్బుల్లాంటి బరువుకు రాసింది. ఎల్‌ఈడీ దీపం లోపల డ్రైవర్ ఉంటుంది, దాని మొదట్లో కెపాసిటర్ ఉంటుంది. స్విచ్ పడిన తొలి క్షణంలో, సెకనులో వెయ్యో వంతు కూడా ఉండని సమయంలో, ఖాళీగా ఉన్న ఆ కెపాసిటర్ మామూలు కరెంటుకు ఎన్నో రెట్లు లాగేస్తుంది. పది దీపాలు ఒక్కసారే లాగుతాయి. రిలే మొనల దగ్గర చిన్న మెరుపు పుట్టి లోహం కరుగుతుంది. రోజుకోసారి ఇలా కరిగీ కరిగీ ఒకనాడు రెండు మొనలూ అతుక్కుపోతాయి. ఆ తర్వాత దీపం ఆరదు. మనం పగలు చూసే దీపాల్లో ఎక్కువ కథ ఇదే. పొదుపు కోసం ఎల్‌ఈడీలు పెట్టుకున్నాం, పాత సెన్సర్‌ను అలాగే ఉంచాం.

దీనికి మందు కష్టమేమీ కాదు. దీపాలు మూడు నాలుగుకు మించితే సెన్సర్‌కు దీపాలను తగిలించవద్దు. ఒక కాంటాక్టర్, అంటే పెద్ద బరువు మోసే స్విచ్, పెట్టించండి. సెన్సర్ ఆ కాంటాక్టర్ కాయిల్‌ను మాత్రమే లాగుతుంది, దీపాల బరువంతా కాంటాక్టర్ మోస్తుంది. పక్కన ఒక మామూలు స్విచ్ కూడా పెట్టించండి, సెన్సర్ మొరాయించిన రాత్రి వాచ్‌మన్ చేత్తో వేసుకోవడానికి. ఆ స్విచ్ మీద "పొద్దుగాల బంద్ చేయాలె" అని రాసి అతికించండి. లేకపోతే కథ మళ్లీ మొదటికొస్తుంది.

సెన్సర్ కొనడానికి మలక్‌పేట వాళ్లు దూరం పోనక్కర్లేదు. చాదర్‌ఘాట్ వంతెన దాటితే కోఠీ, అక్కడే ట్రూప్ బజార్. మామూలు రకం కొన్ని వందల రూపాయల్లోనే వస్తుంది. రెండు సంగతులు అడగండి. వాన నీరు చొరబడని రకమేనా, ఎల్‌ఈడీ బరువుకు ఎన్ని వాట్లని విడిగా రాసి ఉందా. రెండో ప్రశ్నకు షాపువాడు విసుక్కుంటే పక్క షాపుకు పోండి, అక్కడ షాపులకు కొదవలేదు.

మార్చే పని అరగంటది. తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. అయినా పక్కన నిలబడి ఏం చూడాలో మీకు తెలిసి ఉండాలి. ముందు ఆ లైను ఎంసీబీ దించాలి. ఫ్యూజులున్న పాత బోర్డు అయితే ఫ్యూజు పీకి జేబులో వేసుకుని నిచ్చెన ఎక్కడం పాత లైన్‌మన్ల అలవాటు, చాలా మంచి అలవాటు. బోర్డు దగ్గర ఒక మనిషిని నిలబెట్టాలి. లేకపోతే మూడో అంతస్తు నుంచి ఎవరో దిగొచ్చి "లైట్లు ఎవరు ఆపారు" అంటూ ఎంసీబీ ఎత్తేస్తారు. తర్వాత స్తంభం దగ్గర కరెంటు నిజంగా పోయిందా అని మీటరుతోనో టెస్ట్ ల్యాంపుతోనో చూడాలి. ఎర్ర లైటు వెలిగే చిన్న టెస్టర్‌ను నమ్ముకోకండి, ఎండలో దాని వెలుగు కనబడదు. అల్యూమినియం నిచ్చెన వద్దు. వెదురుదో ఫైబర్‌దో వాడాలి.

తీగల దగ్గర ఒక ఉచ్చు ఉంది. మన ఇళ్ల వైరింగులో ఎరుపు ఫేజ్, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. పసిపిల్లాడికీ తెలుసు. సెన్సర్ నుంచి మూడు తీగలు వస్తాయి. బజారులో ఎక్కువగా దొరికే రకంలో నలుపు ఫేజ్ లోపలికి వెళ్లేది, తెలుపు న్యూట్రల్, ఎరుపు దీపానికి వెళ్లేది. అంటే ఆ నలుపు మన నలుపు కాదు. ఎర్రదానికి ఎర్రది, నల్లదానికి నల్లది అని రంగులు కలిపేస్తే సెన్సర్ కాలిపోవడమో, ఎంసీబీ పడిపోవడమో జరుగుతుంది. అన్ని కంపెనీలూ ఒకే పద్ధతి పాటించవు కాబట్టి డబ్బా మీది బొమ్మ చూసి మాత్రమే కలపాలి. ఆ డబ్బాను షాపులోనే పారేసి రావద్దు. ఇంకొకటి, సెన్సర్ తెంచాల్సింది ఫేజ్‌ను, న్యూట్రల్‌ను కాదు. న్యూట్రల్‌ను తెంచినా దీపం ఆరుతుంది, పైకి అంతా బాగానే కనబడుతుంది. కానీ ఆరిన దీపంలో ఫేజ్ అలాగే నిలిచి ఉంటుంది. బల్బు ఆరింది కదా అని మూత తీసిన మనిషికి షాకు కొడుతుంది.

జాయింట్లను టేపు చుట్టి గాలికి వదిలేయకుండా కనెక్టర్‌తో బిగించి జంక్షన్ బాక్సులో పెట్టించండి. సెన్సర్‌లోకి వెళ్లే తీగ నేరుగా పై నుంచి దిగకూడదు. ఒక వంపు కిందికి వచ్చి మళ్లీ పైకి ఎక్కాలి. వాన నీరు ఆ వంపు దగ్గర బొట్లు బొట్లుగా జారిపోతుంది, లోపలికి పోదు. తీగ పోయే రంధ్రాన్ని సీలు చేయించండి. నీళ్ల కంటే ముందు ఆ రంధ్రంలోంచి చీమలు పోతాయి. వెచ్చటి రిలే డబ్బా వాటికి చక్కటి కాపురం. చీమల కోసం బల్లి, ఆ తర్వాత షార్టు. బిగించాక నల్ల గుడ్డ కప్పి ఒకసారి చూసి, ఆ సాయంత్రం చీకటి పడేదాకా కూడా చూసి, ఎలక్ట్రీషియన్‌కు డబ్బులు అప్పుడివ్వండి.

తీసేసిన పాత సెన్సర్‌ను చెత్తబండిలో వేయకండి. అందులో కాడ్మియం ఉండొచ్చని చెప్పాను కదా. పాడైన ఫోన్లు, బ్యాటరీలతో పాటు ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి.

ఇదంతా మీ ఆవరణలో, మీ మీటరు మీద నడిచే దీపాలకే. రోడ్డు మీది స్తంభం మనది కాదు. దాని మీద వీధిదీపం తీగతో పాటు పంపిణీ సంస్థ తీగలు కూడా ఉండొచ్చు. కింద ఎంసీబీ దించినంత మాత్రాన పై తీగ చావదు. ఎంత అనుభవం ఉన్నా, ఎంత పండగైనా, కాలనీ కుర్రాళ్లను ఆ స్తంభం ఎక్కించకండి. స్తంభం మీద రాసి ఉన్న నంబరు చూసుకుని మున్సిపల్ కార్పొరేషన్‌కు ఫిర్యాదు చేయండి. చేసేటప్పుడు "మా వీధిలో లైటు పగలు వెలుగుతోంది" అని ఆపకుండా, ఒక్క దీపమా వరుసంతానా అనేది కూడా చెప్పండి. ఆ ఒక్క మాటతో వచ్చే మనిషి కంట్రోల్ పెట్టె దగ్గరికి పోవాలో స్తంభం దగ్గరికి పోవాలో తేలుతుంది.

చివరగా సెన్సర్ కంటే పెద్ద సంగతి ఒకటుంది. ఆవరణల్లోని దీపపు స్తంభాల్లో చాలావరకు ఇనుపవి. లోపల తీగ ఒలిచిపోయి స్తంభానికి తగిలితే, ఎర్తింగ్ సరిగా లేకపోతే, వానలో ఆ స్తంభమే చంపుతుంది. సెన్సర్ మార్చడానికి ఎలక్ట్రీషియన్ ఎలాగూ వస్తున్నాడు, నిచ్చెన ఎలాగూ ఎక్కుతున్నాడు. అప్పుడే స్తంభం ఎర్త్ తీగ తుప్పు పట్టిందేమో చూడమనండి, ఎర్త్ విలువ కొలవమనండి, అడుగున ఉండే జంక్షన్ పెట్టె తలుపు ఊడిపోయి ఉంటే బిగించమనండి. ఆ లైనుకు కరెంటు లీకైతే తెంచేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే పెట్టించండి. స్తంభాన్ని ముట్టుకుంటే జివ్వుమంటోందని పిల్లలు చెబితే కొట్టిపారేయకండి. మీ ఆవరణలోది అయితే వెంటనే మెయిన్ దించండి, రోడ్డు మీదిదైతే ఎవరినీ దగ్గరికి పోనివ్వకుండా కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయండి. ఈ వానాకాలం లోపు ఒక్క పనికే డబ్బు సరిపోయేట్టుంటే ఎర్తింగ్ బాగుచేయించండి. పగలు వెలిగే దీపం ఇంకో నెల వెలిగినా ఫర్వాలేదు.